నలభై రెండో రోజు ఎక్కడికి?

కార్తీకమాసం వచ్చిందంటే విజయవాడ వీధుల రంగు మారుతుంది. భవానీ దీక్ష తీసుకున్నవారు ఎర్రటి బట్టల్లో, అయ్యప్ప మాల వేసుకున్నవారు నల్లటి బట్టల్లో తెల్లవారకముందే చన్నీటి స్నానాలు ముగించి, పూజ చేసుకుని పనులకు బయలుదేరుతారు. మండల దీక్ష అంటే 41 రోజులు. ఆ రోజులన్నీ మద్యం, మాంసం, పొగ దగ్గరికి రాకూడదు. ఆటోనగర్ మెకానిక్కులు, గుంటూరు మిర్చియార్డు ముఠా కూలీలు, కౌంటరు వెనక కూర్చునే గుమాస్తాలు, కాంట్రాక్టర్లు, ఇలా ఏడాది పొడుగునా చీకటి పడితే సీసా లేనిదే నిలవలేని మనుషులు ఎందరో ఈ 41 రోజులూ చుక్క ముట్టరు. ఇంట్లోవాళ్ళు మాత్రం ఆ రోజులను రెండు రకాలుగా లెక్కపెడుతుంటారు. ఇన్ని రోజులు ప్రశాంతంగా గడిచాయని ఒక లెక్క, ఇంకెన్ని రోజులు మిగిలాయని మరో లెక్క. ఇరుముడి సమర్పించి ఇంద్రకీలాద్రి దిగిన సాయంత్రమే మళ్ళీ మొదలుపెట్టేవారు ప్రతి బజారులోనూ ఉంటారు.

అలాంటివాడిని చూసి ‘మనోబలం లేదు’ అని తేల్చేయడం మనకు అలవాటు. 41 రోజులు ఆపుకోగలిగినవాడికి మనోబలం లేదనడంలో తర్కం లేదు. ఆలోచించవలసింది మరొకటి: ఆ 41 రోజులు అతన్ని నిలబెట్టినది ఏది, నలభై రెండో రోజున దానిలో ఏది పోయింది?

దైవభయం ఒక్కటే అయితే అది మాలతో పాటు తీసి పక్కన పెట్టేది కాదు. దీక్షలో భక్తి చుట్టూ పెద్ద ఏర్పాటే ఉంది. తాగే వేళకు సరిగ్గా భజన ఉంటుంది, అంటే రోజులోని అత్యంత ప్రమాదకరమైన రెండు గంటలు ఖాళీగా ఉండవు. సందేహం వస్తే అడగడానికి అంతకు ముందే చాలాసార్లు మాల వేసిన గురుస్వామి ఉంటాడు. స్నేహితుడు గ్లాసు అందిస్తే ‘మాలలో ఉన్నాను’ అన్న ఒక్క మాట చాలు, రెండోసారి ఎవరూ బలవంతం చేయరు. పక్కన అదే నియమంలో ఉన్నవారు పదిమంది ఉంటారు. ఎంత పెద్ద ఆఫీసరైనా, ఎంత చిన్న కూలీ అయినా పిలుపు ఒక్కటే, స్వామీ అనో భవానీ అనో. మాల తీసిన రోజున భజన, గురుస్వామి, ఆ సాకు, ఆ జట్టు, ఆ పిలుపు అన్నీ ఒక్కసారిగా పోతాయి. మిగిలేది ఆ మనిషి, అతని సాయంత్రం, వీధి చివర వైన్ షాపు.

తాగుడు మానదలచినవారు ఒకరికొకరు తోడుగా కూర్చునే మీటింగు ఈ ఏర్పాటునే మరో రూపంలో ఇస్తుంది, విరమణ తేదీ లేకుండా. ప్రపంచంలో వీటిలో పేరున్నది ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరూ ఏఏ అని పిలిచేది. అది పుట్టిన తీరులోనే మీటింగును వెతుక్కోవడం ఉంది. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే షేర్ల దళారి న్యూయార్క్ నుంచి ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌కు వ్యాపారం మీద వెళ్ళాడు. పని చెడింది. తాగుడు మాని అప్పటికి కొద్ది నెలలే. హోటల్ లాబీలో ఒక వైపు బారు, మరో వైపు టెలిఫోను, దాని పక్కన ఊళ్ళోని చర్చీల జాబితా. అతను టెలిఫోను వైపు నడిచి, తెలియని వాళ్ళకు వరుసగా ఫోన్లు చేసి, తాగుడుతో బాధపడే మరో మనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జను. పావుగంట కంటే కూర్చోనని షరతు పెట్టిన డాక్టరు మరునాడు సాయంత్రం దాదాపు ఆరు గంటలు కూర్చున్నాడు. ఆ డాక్టరు చివరిసారి తాగిన 1935 జూన్ 10నే ఏఏ పుట్టినరోజుగా లెక్కిస్తారు. విల్సన్ ఆ ఫోను చేసింది ఎవరినో ఉద్ధరించడానికి కాదన్నది ఈ కథలో అసలు విషయం. ఆ రాత్రి తాను తాగకుండా ఉండాలంటే తనలాంటివాడితో మాట్లాడక తప్పదని అతనికి తోచింది. మీటింగు మొత్తం ఇప్పటికీ ఆ సూత్రం మీదే నడుస్తోంది: చెప్పేవాడికి వినేవాడి అవసరం ఎంతో, వినేవాడికి చెప్పేవాడి అవసరమూ అంతే.

ఈ ఉద్యమం 1957లో భారతదేశానికి వచ్చింది. దేశ కార్యాలయం ముంబైలో ఉంది. కానీ విజయవాడలోనో గుంటూరులోనో ఒకడు రేపు సాయంత్రం మీటింగుకు వెళ్దామని నిర్ణయించుకుంటే అది కళ్ళకు కనబడదు. బెంజి సర్కిల్‌లో హోర్డింగు ఉండదు, ఏలూరు రోడ్డు మీద నియాన్ బోర్డు ఉండదు. ఇది నిర్వాహకుల అలసత్వం అనుకోకూడదు. ఏఏ పాటించే పన్నెండు సంప్రదాయాల్లో పదకొండోది ప్రచారం చేసి జనాన్ని లాగవద్దంటుంది, చూసి ఆకర్షితులైనవారే రావాలంటుంది. పత్రికల్లో, తెరమీద సభ్యుల పేర్లు, ముఖాలు రాకూడదన్నదీ అందులోనిదే. ఏడోది బయటి విరాళాలు తీసుకోవద్దంటుంది. అందుకే చాలా మీటింగులు సొంత భవనం లేకుండా ఏ చర్చి ఆవరణలోని గదిలోనో, ఏ బడి తరగతి గదిలోనో, నామమాత్రపు అద్దెకు జరుగుతాయి. గది దొరకకపోతే చోటు మారుతుంది. నిరుడు ఎవరో రాసి ఇచ్చిన చిరునామాకు ఈ ఏడాది వెళితే తాళం కనిపించడం మామూలే. తాళం చూసి వెనుదిరిగినవాడు మళ్ళీ ప్రయత్నించడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఊహించవచ్చు. అందుకే ముందు ఫోను చేయకుండా బయలుదేరవద్దన్నది మొదటి సలహా.

ప్రభుత్వం వైపు చూస్తే విడ్డూరం కనిపిస్తుంది. తాగుడు మీద తెలుగువారి రాజకీయ చర్చ ఎప్పుడూ దుకాణం చుట్టూనే తిరిగింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాలపై తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో తొలగిపోయింది. 2019 నుంచి దుకాణాలు ప్రభుత్వమే నడిపింది, 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటుకు ఇచ్చింది. అప్పుడు లాటరీ తీసిన దుకాణాలు 3,396. క్వార్టర్ 99 రూపాయలకు దొరకాలన్నదీ ఆ విధానంలోనిదే. దుకాణాల లెక్క ఒకట్ల స్థానం దాకా తెలుసు, సీసా ధర రూపాయితో సహా తెలుసు. అదే సీసా వదలదలచినవాడు ఏ గదికి వెళ్ళాలో ఎక్సైజు శాఖ కాగితాల్లో వెతికితే దొరకదు. 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ నిపుణులు చేసిన జాతీయ సర్వే దేశంలో 5.7 కోట్ల మందికి మద్యం సమస్య నుంచి సాయం అవసరమని తేల్చింది. సమస్యాత్మక మద్యపానం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ పేరూ అందులో ఉంది. మద్యానికి పూర్తిగా బానిసలైనవారిలో ఏదో ఒక చికిత్స అందినది 38 మందిలో ఒకరికే.

మిగిలిన 37 మందినీ ఆపేది ఏమిటి? డబ్బు కొంత, తెలియకపోవడం కొంత. ఈ రెండు ఊళ్ళలో అన్నిటికంటే బరువైనది ‘ఎవరైనా చూస్తారేమో’. రోడ్డు పక్కన నిలబడి పట్టపగలు తాగేటప్పుడు లేని సిగ్గు, మానడానికి ఒక గది మెట్లు ఎక్కేటప్పుడు పుట్టుకొస్తుంది. నవ్వు తెప్పించే విషయమే కానీ దానికి కారణం లేకపోలేదు. తాగడం ‘అలవాటు’ కింద చెల్లిపోతుంది. మీటింగుకు వెళ్ళడం మాత్రం చేయి దాటిపోయిందని ఒప్పుకోవడం. పెళ్ళి కావలసిన కూతురున్న తండ్రికి, చిట్టీలు నడిపేవాడికి, బడి పంతులుకు ఆ ఒప్పుకోలు ఖరీదైనదే.

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కొత్త మనిషి కనిపిస్తే వచ్చే ప్రశ్నలు మూడు: ఏ ఊరు, ఇంటిపేరేమిటి, ఫలానావాళ్ళు మీకేమవుతారు? మూడో జవాబు పూర్తికాకముందే కులం, ఆస్తి, చుట్టరికం, పాత తగాదాలతో సహా మనిషి జాతకం బయటపడుతుంది. ఏఏలో ఇంటిపేరు చెప్పనవసరం లేదన్న నియమం అమెరికాలో పరువు కాపాడుకోవడానికి వచ్చింది. ఇక్కడ అదే నియమం ఇంకో పెద్ద పని చేస్తుంది. ఇంటిపేరు లేని గది అంటే కులం అడగని గది. దీక్షలో ‘స్వామీ’ అన్న పిలుపు చేసే పనిని ఇక్కడ ఒట్టి పేరు చేస్తుంది. అయినా గదిలో తెలిసిన ముఖం ఎదురైతే? ఎదురుకావచ్చు. అయితే అతనూ అదే పనిమీద వచ్చాడు, ఇద్దరి రహస్యమూ ఒకరి చేతిలో ఒకరిది ఉంటుంది. అది కూడా చాలదనుకునేవారికి భూగోళం కలిసొచ్చింది. విజయవాడ, గుంటూరు మధ్య దూరం 35 కిలోమీటర్ల లోపే, రైలూ బస్సూ రోజంతా ఉంటాయి. బ్రాడీపేటవాడు విజయవాడ మీటింగుకు, కృష్ణలంకవాడు గుంటూరు మీటింగుకు వెళితే తప్పేమీ లేదు. ఏ ఊరివాడైనా ఏ గదికైనా వెళ్ళవచ్చు. పేరు నమోదు, హాజరు పట్టీ ఉండవు. మొదటి కొన్ని నెలలు పక్క ఊళ్ళో గడిపి, సిగ్గు తీరాక సొంత ఊళ్ళో కూర్చోవడం తెలివైన పద్ధతే. రాకపోకలకు పట్టే ఆ రెండు మూడు గంటలు తాగే వేళలోంచే పోతాయి, అది అదనపు లాభం.

ఇక దారులు. ఏఏ భారత కార్యాలయం వెబ్‌సైటులో ఊరివారీగా మీటింగుల వివరాలు, ఫోను నంబర్లు ఉంటాయి. ఎక్కువసార్లు అటునుంచి మాట్లాడేది ఒక సభ్యుడే, అంటే ఒకప్పుడు ఇదే ఫోను వణికే చేతులతో చేసినవాడు. కేంద్ర ప్రభుత్వ మత్తు విముక్తి సహాయ నంబరు 14446. మానసిక ఆరోగ్యం కోసం 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు. రెండూ ఉచితం. రెండు ఊళ్ళ ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. రెంటికీ నడుమ మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. అక్కడి డాక్టరును, కౌన్సిలరును సూటిగా ‘ఇక్కడ మీటింగులు ఎక్కడ జరుగుతాయి’ అని అడగడం చాలా మందికి తట్టదు. రోగులను పంపుతూ ఉండేవారు కనుక ఏ గది నడుస్తోందో, ఏది ఆగిపోయిందో వారికి తెలిసే అవకాశం ఎక్కువ.

ఫోనులో అడగవలసినవి కొన్ని ఉన్నాయి. మీటింగు తెలుగులో జరుగుతుందా అన్నది ముందు అడగాలి. ఇంగ్లీషులో ఏడవడం అందరికీ చేతకాదు. రెండోది, అది అందరూ రాదగిన మీటింగా, తాగుడు సమస్య ఉన్నవారికి మాత్రమేనా. మొదటి రకానికి భార్యనో తమ్ముణ్నో వెంట తీసుకుని వెళ్ళవచ్చు, రెండో రకంలో వారు బయట ఆగాలి. ఈ తేడా తెలియక గుమ్మం దగ్గర ఇబ్బంది పడి అటునుంచి అటే వెళ్ళిపోయేవారుంటారు. చివరగా, వేళకు ఎవరైనా గేటు దగ్గర నిలబడగలరా అని అడగాలి. దానికి ఎవరూ మొహమాటపడనవసరం లేదు. కొత్తవాడి కోసం గేటు దగ్గర నిలబడటం పాత సభ్యులకు ఇష్టమైన పని, తాము తాగకుండా నిలవడానికి వారికి ఔషధం అదే.

లోపల జరిగేది చాలా మామూలుగా ఉంటుంది. కుర్చీలు, టీ, గంటా గంటన్నర మాటలు. ఒకరు తన కథ చెబుతారు, మిగిలినవారు వింటారు, మధ్యలో ఎవరూ అడ్డుపడరు, సలహాలివ్వరు. కొత్తవాడు మాట్లాడకుండా కూర్చుని వెళ్ళిపోవచ్చు. చివర ఒక సంచో పళ్ళెమో తిరుగుతుంది, వేయగలిగినవాడు వేస్తాడు. సభ్యత్వానికి కావలసింది తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే. సభ్యులు తమను ‘తాగుబోతు’ అనుకోకుండా ‘ఆల్కహాలిక్’ అనుకోవడంలోనూ అర్థముంది. తెలుగులో మొదటిది తిట్టు, సినిమాల్లో నవ్వుకు వాడే వేషం. అరువు మాట తిట్టు కాకపోవడం వల్ల జబ్బు పేరుగా పనికొచ్చింది.

గుంటూరు ప్రాంతంలో చర్చి వాతావరణం తెలిసినవారికి ఇది ‘సాక్ష్యం’ చెప్పడంలా అనిపించవచ్చు. పోలిక ఉంది. సాక్ష్యం మాత్రం ఎక్కువగా గెలుపు దగ్గర ముగుస్తుంది: అప్పుడు పాపిని, ఇప్పుడు రక్షణ పొందాను. మీటింగులో కథ గెలుపు దగ్గర ఆగదు. పదిహేనేళ్ళుగా ముట్టనివాడు కూడా ‘ఈ రోజుకు తాగలేదు’ అనే చెబుతాడు. దేవుడి మాట ఏఏ సభ్యులు అనుసరించే పన్నెండు మెట్లలో పలుసార్లు వస్తుంది, ‘ఎవరికి తోచిన రూపంలో వారి దేవుడు’ అన్న వెసులుబాటుతో. కనకదుర్గమ్మ భక్తుడికి, నమాజు చేసేవాడికి, గుణదల మాతను మొక్కేవాడికి ఇది చిక్కు కాదు. నాస్తికుడికి కొంత చిక్కే. గోరా నాస్తిక కేంద్రం ఉన్న ఊరు విజయవాడ, అలాంటివారు ఇక్కడ తక్కువేమీ కాదు. దేవుడి ప్రస్తావన లేని స్మార్ట్ రికవరీ వంటి పద్ధతులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. లేదా గదిలోని జనాన్నే తమకంటే పెద్ద శక్తిగా లెక్కించి కూర్చోవచ్చు, చాలామంది చేసేది అదే.

మీటింగు కంటే ముందు ఆసుపత్రి కావలసినవారు కొందరుంటారు. ఇది తేలిగ్గా దాటిపోకూడని విషయం. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగేవాడు ఒక్కసారిగా ఆపితే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పి, లేనివి కనిపించి, వినిపించి, ఒళ్ళు కాలిపోతుంది. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. మాల వేసుకున్న మూడో రోజున ఇది జరిగితే ఇంట్లోవాళ్ళు గాలి సోకిందనో, అమ్మవారు పూనిందనో అనుకుని ఆసుపత్రి ఆలస్యం చేసే ప్రమాదం ఉంది. పొద్దున్నే తాగితే తప్ప చేతుల వణుకు ఆగనివారు, గతంలో మానినప్పుడు ఫిట్స్ వచ్చినవారు డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి. కొద్ది రోజుల మందులతో, బీ1 విటమిన్ ఇంజెక్షన్లతో ఈ గండం గడుస్తుంది. ఆ తరువాతి రోజుల కోసమే మీటింగు. ఏఏ మందులివ్వదు, డాక్టరు రాసినవి మానమని చెప్పే హక్కు అక్కడి ఏ సభ్యుడికీ లేదు.

‘తెలియకుండా కూరలో కలిపితే తాగుడు మాన్పించే పొడి’ గురించి గోడల మీద కనిపించే రాతలు మరో ప్రమాదం. డైసల్ఫిరామ్ అనే మాత్ర వేసుకున్నవాడు మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, రక్తపోటు పడిపోతుంది. గుండె జబ్బున్నవాడికి అది ప్రాణాంతకం కావచ్చు. తాగితే ఏమవుతుందో తెలిసి, ఒప్పుకుని వేసుకోవలసిన మాత్ర అది. రహస్యంగా కలపడమంటే తినేవాడి ప్రాణంతో ఆడుకోవడమే. ఆ పొడుల్లో ఏముందో అమ్మేవాడికైనా తెలుసో లేదో.

మీటింగును ‘డీ అడిక్షన్ సెంటరు’తో కలిపి చూడటం ఇంకో పొరపాటు. ఏఏ మంచాలు వేయదు, వ్యాను పంపి మనిషిని ఎత్తుకురాదు, నెలకు ఇంతని ఫీజు అడగదు. ఫీజు అడిగితే అది మీటింగు కాదు, అంతే. మంచాలున్న కేంద్రంలో చేరవలసి వస్తే దానికి వేరే చట్టం ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. అలాంటి రోగులను చేర్చుకునే సంస్థ నమోదై ఉండాలి. నమోదు పత్రం చూపించమని అడగడానికి కుటుంబం జంకనవసరం లేదు.

ఇదంతా పనిచేస్తుందా? వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2020లో ప్రచురించిన సమీక్ష 27 అధ్యయనాలను, 10,565 మందిని పరిశీలించింది. మీటింగులకు పద్ధతిగా చేర్చే చికిత్స పొందినవారిలో ఏడాది తరువాత పూర్తిగా మానేసి ఉన్నవారు 42 శాతం, ఇతర చికిత్సల్లో 35 శాతం. ఇది మహత్యం కాదు, తీసిపారేసేదీ కాదు. ఇందులో గమనించవలసింది ‘పద్ధతిగా చేర్చే’ అన్న మాట. చీటీ మీద చిరునామా రాసి చేతిలో పెట్టడం ఒకటి. డాక్టరో కౌన్సిలరో పాత సభ్యుడికి ఫోను కలిపి, మొదటి మీటింగుకు వెళ్ళాడా లేదా అని తరువాతి వారం అడగడం మరొకటి. మన ఓపీల్లో రోగికి దొరికే నిమిషాల్లో మొదటిదే జరగడం కష్టం. ఆ లోటును ఇంట్లో ఎవరైనా పూడ్చవచ్చు.

ఇంట్లోవారికి కూడా వేరే మీటింగు ఉంది. బిల్ విల్సన్ భార్య లోయిస్ 1951లో మొదలుపెట్టిన అల్-అనాన్ తాగేవారి భార్యలు, తల్లులు, పిల్లల కోసం. అక్కడ భర్తను మార్చే ఉపాయాలు చెప్పరు. సీసాలు వెతికి పారబోయడం, ఆఫీసుకు ఫోను చేసి జ్వరమని అబద్ధం చెప్పడం, అప్పులు తీర్చడం, వీటితో కరిగిపోతున్న తమ బతుకును తిరిగి చేతిలోకి తీసుకోవడం గురించి మాట్లాడుకుంటారు. అతను మీటింగుకు రాకపోయినా ఆమె తన మీటింగుకు వెళ్ళవచ్చు. ఇక తాగే ఆడవాళ్ళ సంగతి మన సమాజంలో ఇంకా గొంతు దాటలేదు. మగవాళ్ళు నిండిన గదిలో ఒక్కతే కూర్చోవడం దాదాపు అసాధ్యం కనుక, ఆన్‌లైన్‌లో స్త్రీలకు ప్రత్యేకంగా జరిగే మీటింగులే ఆమెకు మొదటి గుమ్మం. కెమెరా ఆపి, పేరు మార్చుకుని వినవచ్చు.

దీక్షకూ మీటింగుకూ ఉన్న తేడాల్లో ఒకటి చివరిదాకా తెలియదు. మాలలో ఉండి తాగితే మాల తీసేయాలి, మళ్ళీ వేసుకోవాలంటే చాలామంది వచ్చే కార్తీకం దాకా ఆగుతారు. మీటింగుకు వచ్చేవాడు నడుమ తప్పటడుగు వేస్తే, అది మొదటి వారంలోనైనా పదో ఏటనైనా, మరునాడు సాయంత్రం అదే గదికి వస్తాడు. ఎన్నో రోజని అడిగితే ఒకటి అంటాడు. ఎవరో టీ గ్లాసు అందిస్తారు, పక్కవాడు కాస్త జరిగి చోటిస్తాడు.